వదులు గాజులు

రాయమల్లు కోరుట్ల నుంచి తెచ్చిన గాజుల డబ్బా పొద్దుటి నుంచి నడింట్లో స్టూలు మీదే ఉంది. దాన్ని లోపల పెట్టమని ఎవరూ అనలేదు. వెనక్కి తీసుకుపొమ్మని మాత్రం నవత అప్పటికి మూడుసార్లు అంది.

మర్నాడు ఆమె తండ్రి లక్ష్మీరాజం పదోరోజు. పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కట్టించి, పుట్టింటివాళ్లు తెచ్చిన గాజులు చేతినిండా తొడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, సత్తమ్మను ఆఖరిసారి ముత్తయిదువను చేస్తారు. ఆ వెంటనే కులంలోని నలుగురు వితంతువులు చుట్టూ కూర్చుని ఆ గాజులనే రాతితో పగలగొడతారు. బెల్లంపల్లిలో ఎన్ని ఇళ్లలో ఇలా జరిగిందో చెప్పలేం గాని, ఆ గాజులు ఎక్కువగా వెళ్లింది లక్ష్మీరాజం షాపు నుంచే. ఇప్పుడు ఆయన పెళ్లాం వంతు వచ్చింది. మైల తీరేదాకా షట్టర్ ఎత్తకూడదు కనక, చెల్లెలి గాజులు రాయమల్లు వేరే ఊళ్లో కొనుక్కు రావాల్సి వచ్చింది.

"మామా, గివి వాపస్ తీస్కపో," అని నవత నాలుగోసారి అంది. "మా అవ్వ చేతి మీద రాయి పడనియ్య నేను."

రాయమల్లు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన చెడ్డమనిషేం కాదు. చెయ్యకపోతే చెల్లెలికి చెయ్యలేదని కులం వేలెత్తి చూపిస్తుంది, చేస్తే మేనకోడలు మీదికి వస్తోంది. ఎటూ తోచక, తెచ్చినవాటిలో ఒక గాజు తీసి చెల్లెలి చేతికి పెట్టి చూశాడు. అది వేళ్ల కణుపుల దగ్గరే ఆగిపోయింది. పెళ్లినాటి కొలత గుర్తుపెట్టుకుని రెండుంబావు సైజు తెచ్చాడు ఆయన. పెళ్లయి నలభై ఏళ్లయింది, చెల్లెలి చెయ్యి అంతే ఉంటుందా? సబ్బు రాస్తే పోతుందిలే అని తనలో తానే అనుకుని, గాజును మళ్లీ డబ్బాలో పెట్టాడు.

ఇంతసేపూ సత్తమ్మ గోడకు ఆనుకుని, తన చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చుంది. తొమ్మిది రోజులుగా ఆమె చోటు అదే. మణికట్ల మీద ఒక్క మట్టిగాజు కూడా లేదు. ఆరు నెలలు భర్తతో కరీంనగర్ ఆస్పత్రి చుట్టూ తిరిగిన తిరుగుడులో ఒక్కొక్కటే పెరిగిపోయాయి. గాజు పగిలిందని ఆ ఇంట్లో అనరు, పెరిగిందంటారు. కొత్తవి తొడిగే ఓపిక ఆయనకు లేకపోయింది. మరొకరి చేత తొడిగించుకునే అలవాటు ఆమెకు లేదు. తన కొలత ఎంతో కూడా ఆమెకు తెలియదు, ఎన్నడూ అడగాల్సిన పని పడలేదు.

సుధాకర్ గడపలో నిలబడి ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. నవతకు ఒక్కగానొక్క తమ్ముడు. మస్కట్ నుంచి వచ్చేసరికి తండ్రి ముఖం చూడడమే దక్కింది, మాట దక్కలేదు. ఇంకో పది రోజుల సెలవుంది.

"నువ్వు లక్షెట్టిపేట పోతవ్, నేను మస్కట్ పోత," అన్నాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "అవ్వ ఈడనే ఉండాలె అక్కా, గీ గల్లీల. రేపు వద్దంటే గీ నలుగురు మన గడప తొక్కరు. అవ్వకు జ్వరమొస్తే సూసేటోళ్లు ఎవలు?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. నవతకు కోపం ఎక్కువ వచ్చింది అందుకే.

"చేయించుకున్నదాన్ని నేను. నాకెర్క అదెట్లుంటదో."

"నీ చేతికైతే దెబ్బ తాకలే గదా."

సుధాకర్ మామూలుగానే అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. కాని నవత చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టేసి పెరట్లోకి వెళ్లిపోయింది. ఎందుకంటే దెబ్బ తగలకపోవడమే నాలుగేళ్లుగా ఆమె గుండెలో ఉన్న దెబ్బ.

*

నవత చిన్నప్పుడు అందరి ఇళ్లలో పిల్లల ఎత్తు గోడ మీద గీతలు గీసి చూసుకునేవాళ్లు. లక్ష్మీరాజం మాత్రం కూతురు పెరగడాన్ని గాజులతో చూసుకున్నాడు. మా నవత ఒకటిముప్పావు దాటింది, మా నవతకు ఇగ రెండు పడుతున్నయి అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. రెండుంబావుకు వచ్చిన రోజు మిఠాయి పంచాడు. దుకాణంలో ఉన్న ఆడవాళ్లంతా ఇదేం సంబరమయ్యా అని నవ్వితే తనూ నవ్వాడు.

ఆయన పుట్టింది సిరిసిల్ల దగ్గర, మగ్గాల ఇంట్లో. మగ్గం చప్పుడుకు తలనొప్పి వస్తుందని పంతొమ్మిదేళ్ల వయసులో బెల్లంపల్లి వచ్చి, గాజుల దండ భుజాన వేసుకుని బొగ్గుబావుల కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగాడు. పెళ్లయ్యాక బజారులో చిన్న మడిగె తీసుకుని 'సత్తమ్మ కంగన్ హాల్' అని బోర్డు రాయించాడు. దేవుడి పేరు పెట్టుకోవాలి గాని పెళ్లాం పేరేంటని ఎగతాళి చేశారు. దేవుడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెస్తడా అని ఆయన ఎదురడిగాడట. నిజంగానే మధ్యాహ్నం సత్తమ్మ డబ్బా తెచ్చేది. షట్టర్ సగం దించి, గల్లా వెనక కూర్చుని ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్లు. ముప్పై ఏళ్లకు పైగా ఊరు అది చూసింది.

చెయ్యి చూస్తే చాలు, కొలత చెప్పేసేవాడు. మోకాలి మీద తువ్వాల పరిచి, వచ్చినామె చెయ్యి దాని మీద పెట్టి, సబ్బు నురగ రాసి, బొటనవేలు లోపలికి మడిచి, ఇంట్లో కూరేం వండినవ్ అని అడిగేవాడు. ఆమె జవాబు చెప్పేలోపు గాజు ఎక్కేసేది. నొప్పి పెట్టిందని అన్నవాళ్లు లేరు. కొండగట్టు మెట్లు ఎక్కుతుంటే కూడా ముందు నడిచే ఆడవాళ్ల చేతులు చూసి కొలతలు చెప్పి, భుజాల మీదున్న నవతను నవ్వించేవాడు.

అలాంటి మనిషి కూతురి మొగుడి పదోరోజుకు కొలత తప్పి గాజులు పంపాడని నవత నమ్మింది.

నాలుగేళ్ల కిందట ఆమె భర్త పరశురాములు మందమర్రి రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. పదోరోజు లక్షెట్టిపేటలో, అత్తగారింటి వాకిట్లో, పుట్టింటి గాజులు తొడిగారు. అవి చేతికి వేలాడాయి. ఒక ముసలామె రాయి తీసి, చెయ్యి పీట మీద పెట్టమంది. నవత చెయ్యి కిందికి దించగానే గాజులన్నీ జారి ఒళ్లో పడ్డాయి. రాయి పట్టుకున్నామె బిత్తరపోయింది. వెనక ఎవరో, అన్నేండ్లు గాజులమ్మినోడు బిడ్డ చెయ్యి కొలత మర్చిపోయిండా అని గొణిగారు. ఆ మాట విని అత్తగారు మూతి తిప్పింది.

నవతకు లోకమంతా ఆ ఒక్క మాటలోనే కనిపించింది. మొగుడు పోయాడు సరే, కన్నతండ్రి కూడా గాజుల పెట్టెలో అమ్ముడుపోని సరుకు ఏరి పంపాడా? ఒళ్లో గాజులు రెండు చేతులా తీసి, వాకిట్లో నిలబడ్డ తండ్రి కాళ్ల ముందు విసిరికొట్టింది.

"ఊరందరి కొలత ఎర్కనే. నా కొలత తెల్వదా నీకు?"

బండల మీద గాజులు తునాతునకలయ్యాయి. లక్ష్మీరాజం ముందుకు వచ్చాడు. కూర్చుని, ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి తువ్వాలలో కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె షాపు గుమ్మం ఎక్కలేదు. ఆయన మాత్రం ప్రతి నెలా లక్షెట్టిపేట వచ్చి, అరుగు మీద కూర్చుని, మనవరాలికి తెచ్చిన బత్తాయిలు ఇచ్చి, ఒక గ్లాసు నీళ్లు తాగి వెళ్లేవాడు. ఒకసారి గ్లాసు చేతిలో పట్టుకుని, "ఆ గాజుల సంగతి బిడ్డా..." అని మొదలుపెట్టాడు. పొయ్యి మీద పాలున్నయి అని నవత లోపలికి వెళ్లింది. పొయ్యి మీద పాలేం లేవు. ఆయన వెళ్లిపోయేదాకా వంటింట్లో నిలబడింది.

*

మధ్యాహ్నం దాటాక బుచ్చవ్వ వచ్చింది. లక్ష్మీరాజం షాపుకు ఎదురుగా కూరగాయలమ్మే మనిషి, అరవై దాటి ఉంటాయి. మర్నాటి వంటకని వంకాయలు, చిక్కుడుకాయలు సంచినిండా తెచ్చింది. సంచి దించి, సత్తమ్మ పక్కన కూలబడి కాసేపు ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటుంటే స్టూలు మీద డబ్బా కనిపించింది. ఒక గాజు తీసి, వెలుతురుకు పట్టి చూసింది.

"గివి ఎవలు తెచ్చిండ్రు?"

నేనే అన్నాడు రాయమల్లు.

"బిగువయి తెచ్చినవ్ అన్నా. లక్ష్మీరాజం గీ పనికి కొలతయి గూడ ఇయ్యడు."

పెరటి గుమ్మంలో నవత ఆగిపోయింది.

బుచ్చవ్వ తన సంగతే చెప్పింది. ఇరవై ఏళ్ల కింద ఆమె పెనిమిటి బొగ్గుబావిలో పోయాడు. గాజులకు ఆమె అన్న లక్ష్మీరాజం దగ్గరికి వెళ్లాడు. ఆమె చేతికి రెండుంబావు పడతాయని ఎరిగిన మనిషి, రెండున్నరవి కట్టి ఇచ్చాడు. పదోరోజు ఆడవాళ్లు రాయి ఎత్తేలోపు అవి వాటంతటవే జారి పడిపోయాయి. ఏదో పొరపాటు అనుకుంది. తర్వాత ఆమె ఆడబిడ్డకూ అలాగే అయింది, పక్కింటి కోడలికీ అలాగే అయింది. అప్పుడు వెళ్లి నిలదీసి అడిగింది.

"అడిగితే ఏమన్నడు?" నవత గుమ్మంలోంచే అడిగింది.

"పదొద్దుల గాజులకు ఒక కొలత పెద్దయే ఇస్త బుచ్చవ్వా అన్నడు. రాయి వెట్టి కొడ్తే మణికట్టు కోసుకపోతది, అండ్ల తప్పు నా గాజుదే గద అన్నడు. ఎవలకు చెప్పకు, పెద్దమనుషులకు ఎర్కయితే పక్క షాపుల కొంటరు అని ఒట్టు వేయించుకున్నడు. ఇగ ఆయననే పోయిండు, నా ఒట్టుకేమున్నది."

నవత తన మణికట్టు రెండో చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆ చేతి మీద గాటు లేదు. గాటు లేదన్న కోపంతోనే ఆమె ఆ మనిషితో నాలుగేళ్లు సరిగా మాట్లాడలేదు. అత్తవారింటి వాకిట్లో అంతమంది ముందు, నీ చెయ్యి కోసుకుపోకూడదనే అలా ఇచ్చాను బిడ్డా అని ఎలా చెబుతాడు? చెప్పి ఉంటే ఆ రహస్యంతోపాటు తర్వాత వచ్చే ఆడవాళ్ల చేతులన్నీ పోయేవి. ఏకాంతంలో చెప్పబోతే తాను, పొయ్యి మీద లేని పాల దగ్గరికి వెళ్లింది. ఏడుపు రాలేదు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది.

అప్పుడు సత్తమ్మ నోరు తెరిచింది. తొమ్మిది రోజుల తర్వాత అదే ఆమె మొదటి మాట.

"నాకు గూడ కట్టిపెట్టిండు."

అందరూ అటు తిరిగారు. ఆమె నడుముకు దోపుకున్న తాళంచెవి తీస్తోంది. ఆఖరిసారి ఆస్పత్రికి వెళ్లే ముందురోజు ఆయన షాపుకు వెళ్లి వచ్చి, తన పదోరోజు గాజులు గల్లా కింద అరలో పెట్టానని, మీ అన్న ఎక్కడివో తెస్తే తొడగనివ్వొద్దని చెప్పాడట. అలాంటి మాటలు మాట్లాడొద్దని ఆమె తిట్టిందట. ఆయనతో గట్టిగా అన్న ఆఖరి మాట ఆ తిట్టేనట. అది నోట చెప్పుకోలేకే ఇన్ని రోజులు మూలన కూర్చున్నానని చెప్పి, తాళంచెవి కూతురి వైపు చాపింది.

"పో బిడ్డా. తే."

మైలలో షట్టర్ ఎత్తకూడదని రాయమల్లు అనబోయాడు. చెల్లెలి ముఖం చూసి ఊరుకున్నాడు.

*

నాలుగేళ్ల తర్వాత నవత ఆ గుమ్మం ఎక్కింది. సుధాకర్ వెంట వచ్చి షట్టర్ సగం ఎత్తాడు. లోపల అట్టపెట్టెల వాసన, సబ్బు వాసన. గోడలకు గాజులు వరసలు వరసలుగా, మనిషి ఉన్నప్పటిలాగే తళతళలాడుతున్నాయి. ఆయన మోకాలి తువ్వాల గల్లా మీద నాలుగు మడతలు పెట్టి ఉంది.

పెట్టెల మీద కొలతలు రాసిన చీటీలు చూస్తూ సుధాకర్ చెప్పుకొచ్చాడు. షుగరెక్కి చివరి ఆరు నెలలు బాపుకు చూపు సరిగా ఆనలేదట. ఒకరి కొలత ఒకరికి ఇస్తుంటే జనమే మెల్లగా మార్చుకుపోయేవారట. ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి తనే నవ్వుతూ చెప్పేవాడట. తను కూడా నవ్వాడట.

"నవ్వకుండ వచ్చి చూడాల్సింది అక్కా," అని అటు తిరిగిపోయాడు.

గల్లా కింద అరలో పాతపేపరు పొట్లం దొరికింది. పైన పెన్సిలుతో, వంకరపోయిన అక్షరాలతో 'సత్తకు' అని ఉంది. నవత దాన్ని అక్కడ విప్పలేదు. తల్లి చేతికి గాజులు వదులుగా వేలాడడం, మర్నాడు అవి జారి ఒళ్లో పడడం ఆమెకు అప్పుడే కళ్ల ముందు కనిపిస్తోంది. ఆ నలుగురూ రానీ, రాయి కూడా తేనీ, బాపు గాజులు చూసుకుంటాయి అనుకుంది. వెళ్తూ వెళ్తూ తువ్వాల కూడా తీసుకుంది.

ఇంటికొచ్చి తల్లి ముందు కూర్చుంది. తువ్వాల మోకాలి మీద పరిచి పొట్లం విప్పింది. ఆకుపచ్చ గాజులు, రెండు డజన్లు. ఒకటి తీసి తల్లి చేతికి పెట్టింది.

అది కణుపుల దగ్గర ఆగిపోయింది.

తిప్పి చూసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. బుచ్చవ్వ లేచి సబ్బు, నీళ్లు తెచ్చింది. నురగ రాసి, బొటనవేలు లోపలికి మడిచి, తండ్రి చేసినట్టే చేతిని మెత్తగా వత్తుతూ ఎక్కించింది నవత. గాజు కణుపు దాటి మణికట్టు మీద కూర్చుంది. సత్తమ్మ చెయ్యి కిందికి దించి ఊపింది. జారలేదు.

"గిది కొలతదే," అంది బుచ్చవ్వ నెమ్మదిగా. "రాయి వెడ్తేనే ఊడుతది."

సుధాకర్ అక్క వైపు చూశాడు. ఆ చూపులో షాపులో చెప్పిన మాటే ఉంది. చూపు ఆనని మనిషి పెట్టెల్లో తడుముకుని, వదులువి అనుకుని ఇవి కట్టి ఉండొచ్చు. లేదా ఊళ్లో అందరికీ తేలిగ్గా ఊడేవి ఇచ్చిన మనిషి, తన పెళ్లానికి మాత్రం ఊడనివి ఏరి ఉండొచ్చు. ఏది నిజమో నవతకు తెలియలేదు. అప్పుడు ఆయన చేసిన మేలును తప్పనుకుంది. ఇప్పుడు ఆయన తప్పును మేలనుకుంటోందా? అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నప్పుడు అడగలేదు.

సత్తమ్మ ఆ ఒక్క గాజును వేలితో చుట్టూ తిప్పుకుంటోంది. ఆమె కళ్లలో తొమ్మిది రోజులుగా లేని తడి కనిపించింది.

"తియ్యొద్దనే గిట్ల ఇచ్చిండు గదా బిడ్డా?"

నవత తమ్ముడి వైపు చూడకుండా, తల్లి చేతినే చూస్తూ చెప్పింది.

"బాపుకు నీ కొలత తెల్వదా అవ్వా."

సత్తమ్మ తలూపింది. రెండో చెయ్యి కూడా కూతురి మోకాలి మీద పెట్టింది. తర్వాత స్టూలు పక్కన నిలబడ్డ అన్నవైపు తిరిగింది.

"రేపు వచ్చే ఆ నలుగురికి, నేను గివి తియ్యనని నువ్వు చెప్తవా అన్నా, నన్నే చెప్పుమంటవా?"

రాయమల్లు తాను తెచ్చిన డబ్బా చేతిలోకి తీసుకున్నాడు గాని గడప దాటలేదు. సబ్బు నురగ ఆరిపోతోందని నవత తలొంచుకుని రెండో గాజు అందుకుంది.